నురగ లేని పాలు

గణపతిరావు ఆ మంగళవారం పొద్దున్నకి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఐదుంబావుకి పాల మిషన్ స్విచ్ వెయ్యాలి. ఆరింటిలోపు మూడు ఆవుల పాలూ తీసెయ్యాలి. వాడికవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నవ్వుతూ నిలబడాలి. ఇందులో పూరీ గేటు పేటంతా గోలెత్తిపోవడానికి ఏముందండీ అని ఎవరైనా అడగొచ్చు. ఆయనా అదే అనుకున్నాడు పాపం.

ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పూర్వీకులది శ్రీకాకుళం పక్క పల్లె. తాత ఈ వర్క్‌షాపులోనే సుత్తి పట్టాడు, తండ్రీ పట్టాడు, ఈయన స్పానరు పట్టాడు. సర్వీసులో మొదటి ఇరవై మూడేళ్ళూ వ్యాక్యూం బ్రేకుల సెక్షన్. ఆ బ్రేకు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, బండి పొడుగునా ఉండే గొట్టంలోంచి గాలి లాగేస్తే బ్రేకు వదులుతుంది, ఎక్కడైనా లీకు పడి గాలి దూరితే బ్రేకు పట్టేసి బండి ఆగిపోతుంది. గేజిలో ముల్లు ఇరవై అంగుళాల దగ్గర నిలబడాలి. నిలబడితే బండి కదులుతుంది, లేకపోతే లేదు. తర్వాత కాలం మారి అన్నిటికీ ఎయిర్ బ్రేకులొచ్చాయి. గాలి తీసే మనిషిని తీసుకెళ్ళి గాలి నింపే సెక్షన్‌లో వేశారు. మిగిలిన పదకొండేళ్ళూ ఆయన అక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగే పనిచేసి, చివరి రోజున ఒక పాత వ్యాక్యూం గేజి బహుమతిగా పుచ్చుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో భార్య సరోజమ్మ, పెరట్లో ఆవులు. పిల్లలు లేరు. ఆవులు ఆవిడవి, పేర్లు ఈయన పెట్టినవి. చకచకా నడిచేది మెయిలు, నాలుగడుగులకోసారి ఆగేది ప్యాసింజరు, ఎప్పుడు కదులుతుందో దానికే తెలియనిది గూడ్సు. శుభ్రంగా గౌరి, లక్ష్మి అని పెట్టుకోక ఈ పేర్లేమిటని ఆవిడ తిట్టింది గాని, చివరికి ఆవిడా అలాగే పిలిచింది. రెండేళ్ళ కిందట ఆవిడ పోయింది. ఆవులూ ఈయనా మిగిలారు.

వాటితోపాటు పొద్దున్న ఆరింటినుంచి ఏడింటిదాకా ఉండే ఒక గంట కూడా మిగిలింది. ఇక్కడ వాడిక పాలంటే కళ్ళెదుట పితికిన పాలే. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని పాకలో నిలబడి, ధార పడుతుంటే చూసి, నురగతో సహా పోయించుకుని వెళ్ళాలి. అలా పదీ పన్నెండు మంది వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు నోరు కట్టుకుని చూస్తారా? ఎవరి క్వార్టరు కారుతోంది, ఎవరి బదిలీ ఆగింది, వాల్తేరు బండి నిన్న ఎన్ని గంటలు లేటు, అన్నీ ఆ గంటలోనే తేలేవి. సరోజమ్మ ఉన్నన్నాళ్ళూ గణపతిరావు ఆ గంటని డ్యూటీకీ, రిటైరయ్యాక నిద్రకీ కేటాయించాడు కాబట్టి ఆ వైభోగం ఆయనకి తెలియదు. ఆవిడ పోయాక పీట మీద తను కూర్చుంటేగాని తెలియలేదు. ఆ గంట దాటితే మళ్ళీ మర్నాడు ఆరింటిదాకా ఆయనతో మాట్లాడే మనిషి లేడు. సాయంత్రం పాలకి మిఠాయి కొట్టు నుంచి ఒకడొస్తాడు గాని, వాడెంత మాట్లాడతాడో వాడి క్యానూ అంతే మాట్లాడుతుంది.

అలాంటి గంటకి ఆయన వేళ్ళే అడ్డం వచ్చాయి. ముప్పై నాలుగేళ్ళు స్పానరు తిప్పిన వేళ్ళు, చలి మొదలయ్యేసరికి ముడుచుకోవడం మానేశాయి. డాక్టరు చూసి, ఇక పాలు పితకడం కట్టిపెట్టమన్నాడు. పితకడం కట్టిపెడితే ఆవుల్ని అమ్మాలి. ఆవుల్ని అమ్మితే ఆ గేటు తీసుకుని లోపలికి వచ్చే మనిషి ఉండడు. భార్య పోయినప్పుడు కూడా ఏడుపే వచ్చింది గాని భయం వెయ్యలేదు గణపతిరావుకి. ఇప్పుడు వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే టోని కనిపించాడు. టోని డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైన ఆంగ్లో ఇండియన్. సాలువా వైపు అతని మామగారు ఒకప్పుడు ఆవుల్ని పెంచేవాడట. ఆయన పోయి, పాక కూలితే, అందులోంచి రెండు పాత పాల మిషన్లూ వాటి పంపూ బయటపడ్డాయి. ఊరికే ఇస్తానన్నా ఎవరూ పట్టుకెళ్ళలేదు.

"లే జావ్ మేన్," అన్నాడు టోని. "మోటారు తిరుగుతాది. గేజి పోయింది, బుక్కు చెదలు తినేసినాయి. నీకేటి, వ్యాక్యూం నీకు తెల్సు గదా."

ఆ చివరి మాటకి గణపతిరావు అక్కడికక్కడే పడిపోయాడు. ఆయన్ని వ్యాక్యూం తెలిసిన మనిషి అని ఎవరైనా అని పదిహేడేళ్ళయింది.

మిషన్ అంటే మరీ బ్రహ్మవిద్యేం కాదు. ఆవు నడుం మీదుగా ఒక బెల్టు, ఆ బెల్టుకి పొట్ట కింద వేలాడే మూత బిగించిన స్టీలు బకెట్టు, బకెట్టు నుంచి చన్నులకి తొడిగే నాలుగు రబ్బరు కప్పులు, బకెట్టు మూత నుంచి గాలి లాగే పంపుదాకా ఒక గొట్టం. పదిహేను రోజులు ఆయన తిండీ తిప్పలూ పాకలోనే. పుచ్చిపోయిన రబ్బర్లు మార్చాడు, పంపుకి నూనె పోశాడు, గేజి లేనిచోట తన బహుమతి గేజి తెచ్చి బిగించాడు. వాడికవాళ్ళకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళ మొహాలు ఎలా వెలిగిపోతాయో ఊహించుకుని, అన్నం తింటూ ఒక్కడూ నవ్వుకున్నాడు.

ఇక మంగళవారం. మెయిలుకి ముందు బెల్టు కట్టి, బకెట్టు తగిలించి, కప్పులు తొడిగి స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమంది. గేజిలో ముల్లు లేచింది. పన్నెండు దాటింది, పదిహేను దాటింది, వణుకుతూ వణుకుతూ ఇరవై దగ్గరికొచ్చి నిలబడింది. ఎంత వ్యాక్యూం ఉండాలని ఆయన ఎవర్నీ అడగలేదు. అడిగేదేముంది? వ్యాక్యూం అంటేనే ఇరవై. ఆ ముల్లు చూసి గణపతిరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెయిలు కళ్ళలోనూ తిరిగాయి గాని దాని కారణం వేరు.

రైలు పెట్టెల బ్రేకులు వదిలించే వ్యాక్యూం పొదుగుకి తగిలితే ఏ ఆవు ఊరుకుంటుంది? అది ఒక్క తాపు తన్ని, పలుపు తెంపుకుని, గొట్టాన్ని పంపు నుంచి ఊడబెరుక్కుని బయటపడింది. గేటు తీసే ఉంది. పొట్ట కింద స్టీలు బకెట్టు ఢాం ఢాం అంటుంటే, నాలుగు రబ్బరు కప్పులు అటూ ఇటూ కొట్టుకుంటుంటే, వెనకాల ఆరడుగుల గొట్టం ఈడ్చుకుంటూ మెయిలు ఆ పొద్దున్న తన పేరు నిజంగా నిలబెట్టుకుంది.

వాడికవాళ్ళలో సూసన్న గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఏ సంగతైనా టైంతో సహా చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు. ఐదు ఇరవై ఆరుకి ఆవు రైలు గేటు వైపు వచ్చిందనీ, ఐదు ఇరవై ఏడుకి తను మెడలో ఎర్ర మఫ్లరు తీసి ఊపాననీ, ఆవు ఆగిందనీ ఆయన ఆ తర్వాత చాలామందికి చెప్పాడు. అది ఆగింది మఫ్లరు చూసి కాదు, ఆయాసంతో. ఏమైతేనేం, టీకొట్టు ముందు ఆగింది. టీకొట్టు నడిపే బెంగాలీ ఆయన, అందరూ దాదా అని పిలిచే మనిషి, కొట్టు వదిలి వచ్చి బెల్టు చూశాడు, గొట్టాలు చూశాడు, బకెట్టు చూశాడు. ఆస్పత్రిలో తన మావయ్యకి ఇలాగే గొట్టాలు పెట్టారనీ, ఆయన మూడు రోజులే ఉన్నాడనీ బెంగాలీలో బాధపడ్డాడు. గణపతిరావు బనీను మీద పరుగెత్తుకొచ్చేసరికి పది మంది మెయిలు చుట్టూ నిలబడి, తలలు పంకిస్తున్నారు.

జబ్బూ లేదు, జాడ్యమూ లేదని ఆయన అందరికీ చెప్పాడు. చెప్పి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. పరువు పోయిన ఉక్రోషంలో ఇంకో మాట కూడా అన్నాడు. ఎల్లుండి నుంచి నాకోసం మీరెవరూ గంటసేపు నిలబడక్కర్లేదు, మీరొచ్చేసరికి పాలు రెడీగా ఉంటాయి, మిషన్ తీసేస్తుంది అన్నాడు. శుభవార్త చెప్పాననే ఆయన ఉద్దేశం. విన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

తప్పెక్కడుందో మర్నాడు హరనాథ్ చెప్పాడు. అతను గుంటూరు వైపు నుంచి వచ్చి క్యాంపస్‌లో పరిశోధన చేస్తున్నాడు, ప్రేమ్ బజార్‌లో అద్దె గది. అర లీటరు పాలకోసం అంత దూరం సైకిలు తొక్కుకుంటూ ఎవరూ రారు. పాకలో నిలబడితే నాలుగు తెలుగు మాటలు వినపడతాయని వస్తాడు. అతను ఫోన్‌లో ఏవో చూసి, ఆవులకి పన్నెండు, పదమూడు అంగుళాలకంటే పెట్టకూడదటండీ అంకుల్ అన్నాడు. గణపతిరావు చాలా బాధపడ్డాడు. పదమూడు అంగుళాలకి గూడ్సు బండి బ్రేకు కూడా వదలదు. అయినా మెయిలు తనవైపు చూసే చూపు గుర్తొచ్చి, గుండె రాయి చేసుకుని ముల్లు పదమూడుకి దించాడు.

గురువారం మిషన్లు రెండూ పనిచేశాయి. మోటారు చప్పుడుకి అలవాటు పడ్డాక మూడు ఆవులూ నెమరేస్తూ నిలబడ్డాయి. పదహారు నిమిషాల్లో పని అయిపోయింది. గణపతిరావు పాలని చిన్న క్యాన్లలో పోసి, మూతలు పెట్టి, ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో ఎవరి పేరు వాళ్ళది రాసి, అరుగు మీద వరసగా పేర్చాడు. స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గేటు దగ్గర నిలబడ్డాడు.

అందరికంటే ముందు పక్కింటి అప్పలనర్సమ్మ వచ్చింది. గ్యాంగ్‌మన్ భార్య, మొగుడు పోయి పదేళ్ళు, సరోజమ్మకి ప్రాణస్నేహితురాలు. రెండిళ్ళ మధ్యా ఉన్నది ఒక్క వెదురు తడిక. ఆవిడ క్యాను మూత తీసి లోపలికి చూసింది. వేలు ముంచి చూసింది.

"నురగేదన్నియ్యా?" అంది.

నిజమే, నురగ లేదు. పాలు గొట్టంలోంచి చడీచప్పుడూ లేకుండా వచ్చి బకెట్టులో చేరాయి, ఎత్తు నుంచి పడ్డదెక్కడ? ఆ సంగతి ఆయనకి తట్టలేదు. మిషన్ పాలు ఇలాగే ఉంటాయమ్మా అన్నాడు. నురగ లేని పాలంటే ఇక్కడివాళ్ళకి ఒకటే అర్థం. నిన్నటివైనా అయుండాలి, ప్యాకెట్టువైనా అయుండాలి, పొడి కలిపినవైనా అయుండాలి. ఆవిడ పైకి ఏమీ అనకుండా క్యాను పట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. పితకడం అయిపోయింది కాబట్టి నిలబడడానికి కారణం లేదు, మాట్లాడడానికి మనసు లేదు. ఆరూ పదికి పాక ఖాళీ. గణపతిరావు ఇస్త్రీ చొక్కా నలగను కూడా లేదు.

శుక్రవారానికి ఆరుగురే వచ్చారు. శనివారానికి ముగ్గురు. అప్పలనర్సమ్మ ఉపవాసం అంది. అదేం ఉపవాసమో గాని శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకటేశ్వరుడికి, ఆదివారం సూర్యుడికి వరసగా పట్టింది. ఉపవాసంలో పాలు తాగకూడదని ఏ దేవుడూ చెప్పినట్టు గణపతిరావు వినలేదు. సూసన్నకి డాక్టరు పాలు మానమన్నాడట. టీకొట్టు దాదా దగ్గర ఇప్పుడందరూ నిమ్మకాయ టీయే అడుగుతున్నారట. ఆదివారం హరనాథ్ ఒక్కడే వచ్చాడు. చెప్పలేక చెప్పలేక అసలు సంగతి చెప్పాడు. నురగ లేదు కాబట్టి మీరు ప్యాకెట్టు పాలు పోస్తున్నారనుకుంటున్నారండీ అన్నాడు. చెప్పి, పిన్ని కూతురి పెళ్ళికి రెండు వారాలు ఊరెళ్ళిపోయాడు.

గణపతిరావుకి ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక నట్టు ఇంటికి తెచ్చుకోని మనిషి ప్యాకెట్టు పాలు పోస్తాడా? కోపం ఒక పూట ఉంది. ఆ తర్వాత ఎంత నెట్టినా పోని దిగులు పట్టుకుంది. వాళ్ళకి కావలసింది నురగే అయితే నురగే ఇద్దాం అనుకున్నాడు. కాస్త నురగకోసం ఆ గంట పోగొట్టుకునే స్థితిలో ఆయన లేడు.

సోమవారం మిషన్ పని అయ్యాక ఒక పెద్ద క్యాను, ఇంకో ఖాళీ క్యాను తెచ్చి, టీకొట్టు దాదా టీ లాగినట్టు చేతులు రెండూ బారచాపి దీనిలోంచి దానిలోకి, దానిలోంచి దీనిలోకి పొయ్యడం మొదలెట్టాడు. నురగ బ్రహ్మాండంగా వచ్చింది. పొదుగు కడగడానికి తెచ్చిన నీళ్ళ బకెట్టు ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. తడిక సందులోంచి అప్పలనర్సమ్మ కన్ను కూడా అక్కడే ఉంది. మోటారు చప్పుడు ఆగాక మనిషి చీకట్లో ఏం చేస్తున్నాడా అని చూసిన ఆవిడకి, రెండు క్యాన్లూ కనపడ్డాయి, నీళ్ళ బకెట్టూ కనపడింది. ఇక కనపడాల్సిందేముంది? సూసన్న ఆ వార్తకి టైము చేర్చాడు. ఐదు నలభై.

మర్నాటి నుంచి గేటు చప్పుడవలేదు.

ఇరవై లీటర్ల పాలు ఒక్కడు ఏం చేసుకుంటాడు? తోడు పెట్టాడు. పెరుగయింది. చిలికాడు. మజ్జిగయింది, వెన్నయింది. ఇంట్లో గిన్నెలన్నీ నిండిపోయి, సరోజమ్మ కాపురానికొస్తూ తెచ్చుకున్న గంగాళం కూడా అటక మీంచి దిగింది. రోజూ ఆరింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడడం మాత్రం మానలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు వేరేవైపు చూసుకుంటూ పోతున్నారు. ఒక సాయంత్రం మిఠాయి కొట్టు మనిషి వస్తే, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. వాడు కాసేపు ఆలోచించి, "క్యాన్," అన్నాడు. అదే ఆ వారం మొత్తానికి ఆయన విన్న మాట.

ఊళ్ళో మాట ఊళ్ళో ఉండదు కదా. పైవారం బుధవారం పొద్దున్న ఐదుంబావుకే గేటు చప్పుడైంది. గణపతిరావు గుండె లేచి నిలబడింది. చూస్తే పాలు పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరు. చంకలో లాక్టోమీటరు పెట్టె, వెనకాల నలభై మంది. హరనాథ్ తప్ప పాత వాడికవాళ్ళందరూ ఉన్నారు. ఎన్నడూ ఈ పాక మొహం చూడనివాళ్ళూ ఉన్నారు. నేరం రుజువైతే చూద్దామని వచ్చిన జనం అది. ఆ సంగతి గణపతిరావుకీ తెలుసు. తెలిసినా ఆయన మొహం విప్పారిపోయింది. ముక్కాలిపీటలు తెచ్చాడు, బెంచీ తెచ్చాడు, చలిగా ఉంది ఇటు రండి అని ముసలివాళ్ళని లోపలికి కూర్చోబెట్టాడు. నలభై మందికి టీ పెట్టాడు. పరీక్ష కాకుండా తాగనని ఇన్‌స్పెక్టరు గ్లాసు పక్కన పెట్టాడు.

మిషన్ పెట్టాడు. ముల్లు పదమూడు దగ్గర నిలబడింది. మెయిలు ఒకసారి వెనక్కి తిరిగి జనాన్ని చూసి మళ్ళీ తవుడులో మూతి పెట్టింది. కప్పులకీ బకెట్టుకీ మధ్య ఉన్న గాజుముక్కలోంచి పాలు తెల్లగా పరిగెత్తడం అందరూ కళ్ళారా చూశారు. బకెట్టు మూత తీస్తే చిక్కటి పాలు, పైన నురగ లేదు. ఇన్‌స్పెక్టరు లాక్టోమీటరు ముంచాడు, చూశాడు, మళ్ళీ ముంచాడు. ఈ పాలలో చుక్క నీళ్ళు లేవని బెంగాలీలోనూ హిందీలోనూ చెప్పి, పక్కన పెట్టిన టీ అందుకుని గటగటా తాగేశాడు.

అప్పలనర్సమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"మరి ఆ దినం సీకట్లో ఈ కేనులోంచి ఆ కేనులోకి ఏటి పోసినావన్నియ్యా? నా కళ్ళతో సూసినాను."

గణపతిరావు గేజి అద్దం మీద పడ్డ పాల చుక్క తుడిచాడు.

"పాలే పోసినానమ్మా. నురగ కోసం," అన్నాడు. "నురగ నేకపోతే మీరు రావట్లేదు గదా."

సూసన్న వాచీ చూసుకోబోయి మానేశాడు. అప్పలనర్సమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, తప్పయిపోనాది అన్నియ్యా అంది. ఆ తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరు ఎవరికి ఏం చెప్పారో, అసలు మొదట ఎవరన్నారో తేల్చుకున్నారు. ఎంతకీ తేలలేదు. గణపతిరావు మధ్యలో నిలబడి ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తిరుగుతూ, పెళ్ళికొడుకులా మెరిసిపోయాడు. మర్నాటినుంచి అందరి వాడికలూ మళ్ళీ ఖాయమయ్యాయి.

వెళ్ళేముందు సూసన్న మూడు ఆవులకీ కలిపి పదహారు నిమిషాలని ప్రకటించాడు. ఎంత సుఖం అన్నారు అందరూ. ఇదివరకు గంటసేపు నిలబడలేక కాళ్ళు పీక్కుపోయేవి, పాపం చెప్పలేక ఊరుకున్నాం అని ఒకావిడ మెచ్చుకుంది. గణపతిరావు నవ్వుతూనే ఆ మెప్పు పుచ్చుకున్నాడు.

ఆ సుఖం ఎలాంటిదో ఆయనకి మర్నాడు తెలిసింది. ఐదుంముప్పావుకి పాలు రెడీ. ఆరింటికి వాడికవాళ్ళు వచ్చారు. నమస్కారం అన్నారు, నవ్వారు, మిషన్‌ని ఒకసారి తట్టారు, పాలు పట్టుకుని వెళ్ళారు. ఆరూ పదికి పాకలో మూడు ఆవులూ ఆయనా. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. అనుమానం ఉన్నప్పుడు పాకలోకి రాలేదు, నమ్మకం కుదిరాక పాకలో నిలబడడం లేదు. బకెట్లు కడిగి బోర్లించి, పీట మీద కూర్చుని ఆయన ఇంక ఎంత రోజు మిగిలిందో లెక్క చూసుకున్నాడు. దాదాపు మొత్తం మిగిలింది.

"ఇప్పుడేటి సేద్దుమే," అన్నాడు గూడ్సుతో. గూడ్సు ఎప్పట్లాగే తొందరపడలేదు.

అలా కూర్చున్నప్పుడు ఆయనకి బెనాపూర్ దగ్గర జరిగిన సంగతొకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ప్యాసింజర్ బండికి వ్యాక్యూం లీకై పొలాల మధ్య ఆగిపోతే, బాగుచెయ్యడానికి ఈయన్ని పంపారు. రెండు గంటలు వెతికాడు. మధ్యలో తలెత్తి చూస్తే అప్పటిదాకా పక్క పక్కన కూర్చుని మొహాలు చూసుకోని జనమంతా పట్టాల పక్క గట్టుమీద చేరి, మరమరాలు పంచుకు తింటున్నారు. ఈయన లీకు దొరకబుచ్చుకునేసరికి అక్కడ ఒక పెళ్ళి సంబంధం కూడా కుదిరింది. లీకు మూసి, బండి కూత వేస్తే, ఒక్కడు థాంక్స్ చెప్పలేదు. అందరూ ఈయన్ని పగవాణ్ణి చూసినట్టు చూసి బండెక్కారు. అప్పట్లో అదేమిటో అర్థం కాలేదు. ఇప్పుడయింది.

సోమవారం ఆయన మిషన్ ఐదుంబావుకి పెట్టలేదు. వాడికవాళ్ళు వచ్చేదాకా ఆగి ఆరింటికి పెట్టాడు. ప్యాసింజరు పాలు సగం వచ్చాయో లేదో, ముల్లు పదమూడు నుంచి పదికి, పది నుంచి ఆరుకి జారి, కప్పులు ఊడి పడిపోయాయి. లీకు అన్నాడు గణపతిరావు. స్పానరు తీశాడు. ఒక జాయింటు విప్పాడు, బిగించాడు, ఇంకోటి విప్పాడు. అందరూ గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపని ఊరికే నిలబడతారు? సూసన్న టార్చి పట్టుకున్నాడు, పట్టుకుని వాల్తేరు బండి సంగతెత్తాడు. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన హరనాథ్ ఫోన్‌లో మిషన్ రిపేర్ల గురించి చదువుతూ, పెళ్ళిలో పప్పు ఎలా మాడిందో చెప్పాడు. ఈలోగా ఆవు చేపు ఆగి పాలు బిగబట్టేస్తుందని అప్పలనర్సమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని పీట మీద కూర్చుని, సరోజమ్మ ఉన్నప్పుడు సరదాకి నేర్చుకున్న పితకడం చేతుల్లోకి తెచ్చుకుంది. ధార గిన్నెలో చుంయ్‌మంది. నురగ లేచింది. ఏడూ పదికి గాని ఎవరూ కదల్లేదు.

ఆ తర్వాత వారానికి నాలుగైదు రోజులైనా అదే తంతు. టోని కూడా చూడ్డానికొచ్చి, తన మామగారి మిషన్ పరువు పోతోందని పంపు పక్కనే కూర్చుని రెండు టీలు తాగి, ఏమీ తేలక, మళ్ళీ రేపొస్తానన్నాడు.

నిజానికి లీకు ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంకొకరున్నారు. ఒకరోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, తడిక సందులోంచి అప్పలనర్సమ్మ చూసింది. గణపతిరావు పంపు దగ్గర వంగి, జాయింటు విప్పి, లోపల ఉన్న రబ్బరు వాషరు తీసి, తుడిచి, ఇస్త్రీ చొక్కా జేబులో వేసుకున్నాడు. క్రితంసారి ఆ సందులోంచి చూసిందాన్ని ఆవిడ అరగంటలో పూరీ గేటంతా చాటింది. ఈసారి తడిక దగ్గర్నుంచి చప్పుడు కాకుండా వెనక్కి తగ్గి, గిన్నె తీసుకుని ముందు గేటు వైపు నుంచి వచ్చి, పీట మీద కూర్చుంది.

"ఏటన్నియ్యా, లీకు దొరికినాదా?" అని అడిగింది.

"ఏది దొరికినాది, ఎతుకుతున్నాను," అన్నాడు గణపతిరావు.

"తొందరేటి, నెమ్మదిగా ఎతుకు," అంది ఆవిడ. ఇరవై మూడేళ్ళు వ్యాక్యూం బ్రేకులు చూసిన ఫిట్టరుకి ఆ లీకు ఇంతవరకూ దొరకలేదు.